సెలవుల ప్రయాణం: బండి తీయకముందే ఇంట్లో తేల్చుకోవాల్సినవి

చలికాలం సెలవులు దగ్గరపడగానే నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు ఫోన్ చేస్తుంటారు. టైర్లు మార్చాలా, ఫాగ్ లైట్లు బిగించుకోవాలా అని అడుగుతారు. నేను ముందు ఒకటే అడుగుతాను: "ఎన్నింటికల్లా వచ్చేస్తామని అక్కడివాళ్లకి చెప్పారు?" భోజనాల వేళకి వస్తామన్నామండీ అంటే, మళ్లీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోమంటాను. "ఆ రోజు వస్తాం, ఏ వేళకన్నది దారిని బట్టి" అని చెప్పమంటాను.

ఇది చాదస్తం అనుకోకండి. డ్రైవింగ్ నేర్పడానికి ముందు చాలా ఏళ్లు నేను రాత్రి బస్సు నడిపాను. పొగమంచులో ఆగాలని తెలిసీ ఆగనివాళ్లని ఎంతోమందిని చూశాను. నడపడం రాక కాదు. వెనక సీట్లో పిల్లలు ఇంకెంతసేపని విసిగిపోతుంటారు. ఎక్కడిదాకా వచ్చారని అవతలినుంచి ఫోన్లు వస్తుంటాయి. ఇంకో అరగంటేగా, వెళ్లిపోదాం అనిపిస్తుంది. అలాంటప్పుడు మనిషికి సరైన నిర్ణయం తోచదు. అందుకే ఎక్కడ ఆగాలన్నది ఇంట్లో, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి.

తేల్చుకోవాల్సినవి మూడు. మంచు ఎంత చిక్కగా ఉంటే రోడ్డు దిగిపోవాలి, నడిపేవాళ్లకి నిద్ర వస్తే ఏం చేయాలి, ఆ రోజు ఎవరు తాగరు. బండిలో కూర్చునే అందరి ముందూ మాట్లాడుకోండి. ఎవరికి భయం వేసినా ఆపమనొచ్చని, అన్నప్పుడు నడిపేవాళ్లు వాదించకుండా మంచి చోటు చూసి ఆపుతారని కూడా అక్కడే చెప్పండి. పెద్దవాళ్లు మొహమాటంతో, పిల్లలు తిడతారని నోరు మూసుకుంటారు. ముందే చెబితే ధైర్యంగా అంటారు.

ఎప్పుడు బయలుదేరాలి

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే రోడ్డు ఖాళీగా ఉంటుందని చాలామంది లెక్క. ఖాళీగా ఉండే మాట నిజమే. కానీ చలికాలంలో ఆ వేళకి రెండు ప్రమాదాలు ఒకేసారి ఎదురవుతాయి.

ఒకటి పొగమంచు. మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేల తన వేడిని గబగబా వదిలేస్తుంది. నేలని ఆనుకుని ఉన్న తడిగాలి చల్లబడి, అందులోని ఆవిరి సన్నని నీటి బిందువులుగా మారుతుంది. రాత్రి గడిచేకొద్దీ ఇది చిక్కబడి, పొద్దు పొడిచే వేళకి దట్టంగా ఉంటుంది. ఎండ నేలకి తగిలాక పలచబడుతుంది. చెరువులు, కాలువలు, నదులు, తడి పొలాలు, పల్లపు చోట్లు దీనికి నెలవులు. అందుకే రోడ్డు బాగానే కనిపిస్తూ ఉండగా, వంతెన దగ్గరో పల్లంలోనో ఒక్కసారిగా ఏమీ కనిపించకుండా పోతుంది. రాత్రి ఆకాశం నిండా చుక్కలు మెరుస్తూ, చెట్ల ఆకులు కదలకుండా ఉంటే, ప్రశాంతంగా ఉంది కదా అని తెల్లవారకముందే బయలుదేరకండి. మంచు పట్టేది అలాంటి రాత్రుల్లోనే.

రెండోది నిద్ర. రాత్రి 2 నుంచి ఉదయం 6 దాకా ఒంటికి నిద్ర తప్ప ఇంకేమీ అక్కర్లేదు. దానికి తోడు, ప్రయాణం ముందురోజు రాత్రి ఏ ఇంట్లోనైనా సామాను సర్దుడు అర్ధరాత్రి దాకా సాగుతుంది. మూడు గంటలు పడుకుని స్టీరింగ్ పట్టుకుంటారు. ఆఫీసు నుంచి వచ్చి రాత్రికి రాత్రే బయలుదేరే పద్ధతి ఇంతకన్నా మేలేమీ కాదు. ఉదయం 6కి లేచినవాళ్లు రాత్రి 11కి బండి తీస్తే, అప్పటికి 17 గంటలు మెలకువగా ఉన్నట్టు. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, 17 గంటలు మెలకువగా ఉన్నవాళ్ల చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. చాలా దేశాల్లో ఆ మోతాదు ఉంటే బండి నడపడం నేరం.

రాత్రి నిండా పడుకుని, ఎండ వచ్చాక బయలుదేరి, చీకటి చిక్కబడకముందే చేరుకోండి. ఒక్క పగటిలో చేరలేని దూరమైతే మధ్యలో ఒక రాత్రి బస పెట్టుకోండి. అందరూ కదిలే రోజు కాకుండా ఒకరోజు ముందో వెనకో బయలుదేరగలిగితే ఇంకా మంచిది.

బండిలో చూసుకోవాల్సినవి

టైర్లలో గాలితో మొదలుపెడతాను, ఎందుకంటే చలికాలంలో అది ఎవరూ తీయకుండానే తగ్గిపోతుంది. చల్లబడిన గాలి కుదించుకుపోతుంది. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా టైరులో 1 పీఎస్ఐ దాకా పడిపోతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 33 కొట్టించిన టైరు, పొద్దున 10 డిగ్రీల చలిలో 30 చూపిస్తుంది. దాని మీద ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను. గాలి తగ్గిన టైరు పక్కలు ఎక్కువ వంగుతాయి, వేడెక్కుతాయి, స్పీడులో పేలేది అదే. పొద్దున బండి కదలకముందే గేజ్ పెట్టి చూడండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది. చాలా బండ్లకి నిండు లోడుకి వేరే అంకె ఉంటుంది, సెలవుల ప్రయాణానికి ఆ అంకే చూడాలి. స్టెప్నీ కూడా మర్చిపోకండి.

టైరు గాడుల్లో అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి వాటికి సమానమైతే దాని పని అయిపోయినట్టే. పక్కన అచ్చుపోసిన నాలుగంకెలు తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. చూడటానికి కొత్తగా ఉన్నా, రబ్బరు ముసలిదైపోయి ఉండొచ్చు.

బ్యాటరీ చలికి బలం కోల్పోతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బద్ధకంగా తిరుగుతుంటే బయలుదేరడానికి వారం ముందే మెకానిక్‌కి చూపించండి. కరెంటు కార్లకైతే చలిలో మైలేజీ తగ్గుతుంది, హీటర్ వేస్తే ఇంకా తగ్గుతుంది. ఛార్జింగ్ ఎక్కడెక్కడ పెట్టుకోవాలో దాన్ని బట్టి లెక్క వేసుకోండి.

లైట్ల గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. ఈమధ్య కార్లలో పగలు ముందు లైట్లు వాటంతటవే వెలుగుతాయి. అవి చూసి లైట్లు వేసే ఉన్నాయనుకుంటారు. చాలా మోడళ్లలో వాటితోపాటు వెనక ఎర్రలైట్లు వెలగవు. పొగమంచులో అలాంటి కారు వెనకనుంచి అసలు కనిపించదు. ఆటోమేటిక్ అని వదిలేయడమూ మంచిది కాదు. దాని సెన్సర్ వెలుతురు తగ్గిందా అని చూస్తుందే గానీ, పట్టపగటి తెల్లటి మంచుని చీకటిగా లెక్కపెట్టదు. స్విచ్ చేత్తో తిప్పి, ఒకరిని వెనక నిలబెట్టి చూసుకోండి. బ్రేకు లైట్లు కూడా అప్పుడే చూడొచ్చు.

అద్దాన్ని లోపలివైపు కూడా తుడవండి. బయట కడిగినవాళ్లు లోపలి జిడ్డు సంగతి పట్టించుకోరు. చలికాలం సూర్యుడు కిందుగా ఉంటాడు కాబట్టి పొద్దున, సాయంత్రం నేరుగా కళ్లలో పడతాడు, ఆ జిడ్డు మీద వెలుగు పరుచుకుని ఎదుటిది మాయమవుతుంది. ఎండ మీ వీపువైపు ఉంటే మీకు హాయిగానే ఉంటుంది, కానీ ఎదురొచ్చేవాళ్లకి మీరు కనిపించరని గుర్తుపెట్టుకోండి.

లోపలినుంచి అద్దానికి ఆవిరి పడితే గుడ్డతో తుడుచుకుంటూ నడపకండి. గాలిని ముందు అద్దం వైపు తిప్పి, వేడి పెట్టి, ఏసీ కూడా వేయండి. చలిలో ఏసీ ఎందుకంటారు. గాలిలోని తడిని తీసేది అదే. బయటి గాలి లోపలికి వచ్చేలా రీసర్క్యులేషన్ బటన్ ఆపేయాలి, లేకపోతే మన ఊపిరి తడి లోపలే తిరుగుతూ ఉంటుంది.

కూర్చునే పద్ధతి

చలికి పిల్లలకి దళసరి కోటు వేసి, దాని మీదే సీటు బెల్టు పెడతాం. బెల్టు బిగుతుగానే ఉన్నట్టుంటుంది. బండి గుద్దుకుంటే కోటులోని దూది, గాలి ఒక్క క్షణంలో నొక్కుకుపోతాయి. బెల్టుకీ ఒంటికీ మధ్య అంత సందు ఏర్పడుతుంది, పిల్ల అందులోంచి జారిపోవచ్చు. కోటు తీసి, బెల్టు ఒంటికి ఆనేలా పెట్టి, పైన దుప్పటి కప్పండి. పెద్దవాళ్లు శాలువా మీదనుంచి కాకుండా దాని కిందనుంచి బెల్టు పెట్టుకోవాలి.

వెనక సీటు బెల్టు గురించి నేను గట్టిగానే చెబుతాను, వినేవాళ్లకి విసుగొచ్చినా సరే. వెనక బెల్టు లేని మనిషి గుద్దుకున్నప్పుడు అదే వేగంతో ముందుకొచ్చి, ముందు సీట్లోవాళ్ల మీద పడతాడు. ముందున్నది కన్నతల్లే కావొచ్చు. ఈ మూడు చోట్ల బిగించే బెల్టుని 1959లో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు వోల్వో కంపెనీలో తయారుచేశాడు. ఆ డిజైన్‌ని అన్ని కంపెనీలూ వాడుకునేలా వోల్వో వదిలేసింది. మనందరి ప్రాణం కోసం ఊరికే దొరికినదాన్ని సీటు సందులోకి తోసేసి కూర్చోవడం నాకు బాధగా ఉంటుంది.

సామానులో బరువైనవి డిక్కీ అడుగున, సీటుకి ఆనించి పెట్టండి. వెనక అద్దం కనిపించాలి. అద్దం ముందు పలక మీద ఏమీ వదలొద్దు.

పొగమంచులో

ఇక మొదటి నిర్ణయానికి లెక్క చెబుతాను. గంటకి 60 కిలోమీటర్ల స్పీడులో సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళతాం. ముందేదో ఉందని చూసి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి సెకనున్నర పడుతుంది, అప్పటికే 25 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 45. స్పీడు 80 అయితే అది 70 మీటర్ల దగ్గరికి, 100 అయితే దాదాపు 100 మీటర్లకి పోతుంది. అంటే ముందు 50 మీటర్లే కనిపిస్తుంటే 60 దాటకూడదు, రోడ్డు తడిగా ఉంటే అదీ ఎక్కువే. 20 మీటర్లే, అంటే నాలుగైదు కార్లు వరసగా నిలబెట్టినంత దూరమే కనిపిస్తుంటే 30 దాటకూడదు. పెద్ద రోడ్డు మీద 30తో వెళ్లేవాళ్లని వెనకనుంచి వచ్చేవాళ్లు గుద్దుతారు. కాబట్టి ఆ పరిస్థితి వస్తే మొదట దొరికిన పెట్రోల్ బంకులోకో హోటల్ ఆవరణలోకో దిగిపోవడమే. ఇక వెళ్లగలమా అన్న చర్చ అప్పుడు వద్దు.

హైబీమ్ వేయొద్దు. ఆ వెలుగు నీటి బిందువులకి తగిలి మన కళ్లలోకే తిరిగొస్తుంది, ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టు ఉంటుంది. డిమ్‌లో పెట్టండి. ఫాగ్ లైట్లు ఉంటే వేయండి, వెనక ఫాగ్ లైటు కూడా. మంచు తగ్గగానే దాన్ని ఆపేయండి, వెనకవాళ్ల కళ్లలో పొడుస్తుంది, బ్రేకు లైటు వెలిగినా అందులో తేడా తెలియదు.

కదులుతున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ కొట్టుకోనివ్వడం చాలామందికి అలవాటైపోయింది. ఇది మానాలి. మీరు పక్కకి తిరగబోతున్నారో, ఆగి ఉన్నారో, వస్తున్నారో వెనకవాళ్లకి అర్థం కాదు. ట్రాఫిక్ ఒక్కసారిగా నిలిచిపోయి, మీరు వరసలో ఆఖరున ఆగితే మాత్రం వెంటనే వేయండి. మీ వెనక ఇంకో బండి వచ్చి ఆగేదాకా అద్దంలో చూస్తూ ఉండండి.

దారి కోసం రోడ్డు అంచున గీసిన గీతని చూడండి. మధ్య గీతని పట్టుకుని పోతే ఎదురొచ్చేవాళ్లు కూడా దాన్నే పట్టుకుని వస్తుంటారు. ముందు లారీ ఎర్రలైట్లని పట్టుకుని పోవడం ఇంకా ప్రమాదం. ఆ లైట్లు దగ్గరగా కనిపించాలని తెలియకుండానే దగ్గరికి వెళ్లిపోతాం, ఆ లారీ ఆగితే మనకి చోటుండదు. ముందు బండి ఒక స్తంభాన్ని దాటాక మీరు దాన్ని చేరడానికి మామూలు రోజుల్లో కనీసం 2 సెకన్లు పట్టాలి. తడి రోడ్డు మీద, మంచులో 4 సెకన్లకి తగ్గొద్దు. ఓవర్‌టేక్ ఆలోచనే వద్దు.

మంచులో ఎంత స్పీడులో వెళ్తున్నామో ఒంటికి తెలియదు, పక్కన చెట్లూ స్తంభాలూ కనిపించవు కదా. స్పీడోమీటర్ చూస్తూ ఉండాలి. పాటలు ఆపేయండి. కూడలి దగ్గర అద్దం కొద్దిగా దించి చెవి పెట్టండి, కంటికి కనిపించని లారీ చెవికి ముందే తెలుస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్లో మ్యాప్ చూసి మలుపు వస్తోందని చెప్పొచ్చు. మంచులో ఆ సాయం విలువ ఇంతా అంతా కాదు.

రోడ్డు మీదే మంచు గడ్డకట్టే చోట

మంచు కురిసే చోట ఉన్నవాళ్లకి, అక్కడికి మొదటిసారి వెళ్లినవాళ్లకి ఇది. తెల్లటి మంచు కన్నా కంటికి కనిపించని గడ్డ ఎక్కువ ప్రమాదం. రోడ్డు తడిసినట్టు నల్లగానే ఉంటుంది, మీద పలచటి గాజు పొర ఉంటుంది. డాష్‌బోర్డులో బయటి ఉష్ణోగ్రత 3 డిగ్రీలకి వచ్చిందంటే అది ఉందనే అనుకోండి. వంతెనలకి కిందనుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి మిగతా రోడ్డు కన్నా ముందే గడ్డకడతాయి. గడ్డ మీద బండి ఆగడానికి పొడి రోడ్డుకి పదింతల దూరం పట్టొచ్చు.

వంతెన మీదికి ఎక్కకముందే స్పీడు తగ్గించి, మీద ఉన్నంతసేపు బ్రేకు, స్టీరింగ్, యాక్సిలరేటర్ ఏదీ గట్టిగా వాడకండి. బండి జారితే యాక్సిలరేటర్ వదిలేసి, మీరు పోవాలనుకునే వైపు చూస్తూ మెల్లగా అటే తిప్పండి. ఆపాల్సి వస్తే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోండి. పెడల్ కాలి కింద టకటకా అదురుతుంది, అదురుతోందని వదలొద్దు. చలికాలం టైర్లు వేయిస్తే నాలుగూ వేయించండి.

మంచులో బండి ఇరుక్కుపోయి, వేడి కోసం ఇంజన్ నడుపుతూ కూర్చోవాల్సి వస్తే ముందు దిగి పొగగొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మంచు లేని చోటైనా సరే, మూసిన షెడ్డులో హీటర్ వేసుకుని బండిలో పడుకోకూడదు.

నిద్ర, మందు, జలుబు మాత్రలు

నిద్ర వస్తే అద్దాలు దించుతారు, పాటల సౌండు పెంచుతారు, ముఖం కడుక్కుంటారు. ఇవేవీ నిద్రని ఆపవు, కాసేపు ఆగినట్టు అనిపిస్తుంది అంతే. గత రెండు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోయినా, బండి గీత మీదికి జరుగుతున్నా, ఆవలింతలు ఆగకపోయినా, అప్పటికే కునుకు పడుతోందన్నమాట. 100 స్పీడులో నాలుగు సెకన్లు కళ్లు మూతపడితే 110 మీటర్లు ఎవరూ నడపని బండిలో వెళ్లినట్టు. ఒక కప్పు కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలు పడుకోండి. కాఫీ పనిచేయడానికి దాదాపు అంతసేపు పడుతుంది కాబట్టి రెండూ కలిసొస్తాయి. దానితో ఒక గంట గడుస్తుంది, రాత్రంతా గడవదు. రాత్రి బస్సుల్లో రెండో డ్రైవర్ ఉండేది ఇందుకే. మామూలుగా కూడా రెండు గంటలకోసారి 15 నిమిషాలు ఆగండి.

మందు గురించి ఎక్కువ చెప్పను. తాగినవాళ్లు నడపకూడదు, కొంచెమే అన్నదీ లెక్కలోకి రాదు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా తాగితే మర్నాడు పొద్దున కూడా రక్తంలో ఉంటుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని బయటికి పంపవు, గంటలు గడవాల్సిందే. చలికాలంలో జలుబు మాత్రలు కూడా ఇంతే. సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉన్నవి మత్తు తెస్తాయి. వేసుకున్నవాళ్లు ఆ రోజు నడిపే బాధ్యత ఇంకొకరికి ఇవ్వాలి.

టూ వీలర్ మీద వెళ్లేవాళ్లు చలికాలంలో దూరప్రయాణం మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తప్పకపోతే గ్లవ్స్ వేసుకోండి, వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టు అందదు. హెల్మెట్ అద్దానికి ఆవిరి పడితే కొద్దిగా ఎత్తి ఉంచండి. నల్ల జర్కిన్ మీద వెలుగు పడితే మెరిసే పట్టీ ఏదైనా కట్టుకోండి.

దారిలో బండి ఆగిపోతే

బండి ఆగిపోతే ఎంత వీలైతే అంత రోడ్డు బయటికి దించండి, ఒక చక్రం కూడా రోడ్డు మీద ఉండకూడదు. నాలుగు ఇండికేటర్లూ వేయండి. అందరూ ట్రాఫిక్ లేని వైపు తలుపుల నుంచి దిగండి. చలిగా ఉందని పిల్లల్ని, పెద్దవాళ్లని లోపలే కూర్చోబెట్టి మనం మాత్రం దిగి బాగుచేయించడం చాలాచోట్ల చూస్తాను. పొగమంచులో ఆగి ఉన్న బండి కన్నా ప్రమాదమైన చోటు లేదు. అందుకే బయలుదేరేటప్పుడే దుప్పట్లు, నీళ్లు, టార్చి డిక్కీ అడుగున కాకుండా చేతికందేలా పెట్టుకోండి. రోడ్డు పక్క రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్లి, బండికి వెనకవైపు, అంటే వాహనాలు వచ్చే దిక్కుగా కొంత దూరంలో నిలబడండి. ఎవరైనా వచ్చి మీ బండిని గుద్దితే అది ముందుకి పోతుంది, మీ మీదికి రాదు. ముందు కనిపించనంత పొగమంచులో వెనకవాళ్లని హెచ్చరించే ఎర్ర ట్రయాంగిల్ పెట్టడానికి రోడ్డు వెంట నడిచి వెళ్లొద్దు.

తర్వాత ఫోన్ చేయండి. భారతదేశంలో, యూరప్‌లో 112, అమెరికాలో 911. కిలోమీటరు రాయి మీద అంకె, చివరగా దాటిన ఊరు, ఏ దిక్కుగా వెళుతున్నారు అన్నవి చెప్పాలి. బండిలో ఎవరో ఒకరు దారి పొడవునా ఈ మూడూ గమనిస్తూ ఉండాలని బయలుదేరేముందే పని అప్పగించండి. పదేళ్లు దాటిన పిల్లలకి ఇస్తే పెద్దవాళ్లకన్నా శ్రద్ధగా చేస్తారు.